బుడమేరులో మునగని బండ్లు

బెజవాడలో పాత మోటారు సైకిల్ అమ్ముడుపోవాలంటే దానికి మంచి ఇంజన్ ఉండనక్కర్లేదు, మంచి వంశచరిత్ర ఉంటే చాలు. ఆ చరిత్ర అందరికీ కంఠతా వచ్చినదే. సింగిల్ ఓనర్, డాక్టరు గారు వాడిన బండి, ఇంటి నుంచి ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు, ఇంజన్ ఇంతవరకు విప్పలేదు, ఒక్క కిక్కుకే స్టార్టు. డాక్టరు దొరక్కపోతే బ్యాంకు మేనేజరు, ఆయనా దొరక్కపోతే రిటైరైన హెడ్మాస్టరు. ఈ బేరాలు వింటుంటే కృష్ణా డెల్టాలో పాలకేంద్రానికి క్యాన్లు మోసేవాళ్లు, కైకలూరు వైపు చేపల చెరువులకు మేత బస్తాలు చేరవేసేవాళ్లు, కాలవ కట్టల మీద ముగ్గురేసి తిరిగేవాళ్లు అసలెన్నడూ బండ్లే కొనలేదేమో అనిపిస్తుంది. వాళ్లు తోలిన బండి ఒక్కటీ అమ్మకానికి రాదు మరి.

అమ్మేవాణ్ణి తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కొనేవాడు దేనికి డబ్బిస్తాడో దాన్నే అతను తయారుచేసి పెడతాడు. నా ఫిర్యాదంతా కొనేవాడు చేసే పరీక్ష మీద. ట్యాంకు మీద చెయ్యివేసి నిమురుతాడు, టైరును కాలితో తంతాడు, హారన్ కొడతాడు, స్టార్టు చేసి రెండుసార్లు రైజ్ చేసి, కళ్లు సగం మూసి "సౌండ్ బాగుంది" అని తీర్పు చెబుతాడు. ఇందులో ఒక్కటైనా రాత్రికి రాత్రి సరిచేయలేనిది ఉందా? ట్యాంకుకు పాలిష్ ఉంది, టైరుకు నల్లరంగు ఉంది, టాపెట్ల చప్పుడు అణచడానికి చిక్కటి ఆయిల్ ఉంది. పార్టీ వచ్చే పది నిమిషాల ముందు ఇంజన్ వేడిచేసి ఉంచితే ఒక్క కిక్కు ముచ్చటా తీరిపోతుంది. అమ్మేవాడు మార్చగలిగినవన్నీ చూసి, మార్చలేనివన్నీ వదిలేసే తంతుకు పరీక్ష అని పేరు పెట్టుకున్నాం.

మీటరు సంగతే తీసుకోండి. పన్నెండేళ్ల బండి మీద 28,000 కిలోమీటర్లు కనబడితే కొనేవాడి మొహం వెలిగిపోతుంది. భాగహారం ఎవరూ చేయరు. ఏడాదికి 2,333, అంటే రోజుకు ఆరున్నర కూడా కాదు. బెంజ్ సర్కిల్ నుంచి వన్‌టౌన్ వెళ్లి వెనక్కి రావడానికే చాలదు. గన్నవరం నుంచి రోజూ ఊళ్లోకి ఉద్యోగానికి వచ్చేవాడి బండి ఏడాదికి పదివేలు అవలీలగా దాటేస్తుంది. పాత మోడళ్లలో చాలావాటికి మీటరు నడిచేది ముందు చక్రం నుంచి వచ్చే సన్నటి కేబుల్‌తో. అది తెగితే లెక్క ఆగుతుంది గానీ బండి ఆగదు. ఐదంకెల మీటరైతే 99,999 దాటగానే సున్నాకొచ్చి పునర్జన్మ ఎత్తుతుంది. ఇలాంటి విద్యలేవీ తెలియనిది గేరు రాడ్డు. ఏళ్ల తరబడి చెప్పు రాసుకుని అది నున్నబడి ఉంటుంది. ఫుట్‌రెస్టు రబ్బరు, కిక్ రాడ్డు, తాళం దూర్చే రంధ్రం, అన్నీ అలాగే అరుగుతాయి. అన్నీ పాతబడిన బండికి ఫుట్‌రెస్టు రబ్బర్లు మాత్రం కొత్తగా మెరుస్తుంటే అదీ ఒక సాక్ష్యమే.

ఇక సింగిల్ ఓనర్. ఆర్సీ మీద ఒక్క పేరే ఉంటుంది, నిజమే. ఆ ఒక్కడి సంతకంతో యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, ఫారం 30 ఖాళీగా చేతులు మారుతూ పోతే, నలుగురు తోలిన బండికీ ఒక్కడే ఓనరు. బండి అమ్మినవాడు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో రవాణాశాఖకు తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ అంటుంది. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. చేతులు ఎన్ని మారినా, రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వాళ్లదే. అక్కడ మారింది కారు, మన దగ్గర మారేది స్ప్లెండర్, అంతే తేడా. సింగిల్ ఓనర్ అని గర్వంగా చెప్పుకునే బండి విషయంలో చాలాసార్లు ఆ సింగిల్ మనిషి ఏ ట్రైబ్యునల్ నోటీసుకో అర్హుడై, ఆ సంగతి తెలియక నిద్రపోతుంటాడు.

ఇదే డెల్టా రైతు ముర్రా గేదెను కొనేటప్పుడు చూడండి. పళ్లు పట్టి వయసు కడతాడు, నాలుగు చన్నులూ పిండి చూస్తాడు, రెండు పూటలా తన కళ్లముందే పాలు తీయిస్తాడు. ముందు పూట పాలు తీయకుండా ఆపి, పొదుగు నిండుగా కనబడేలా సంతకు తోలుకొచ్చే విద్య ఒకటుందని అతనికి తెలుసు. అందుకే రెండో పూట దాకా కదలడు. ఆ మనిషే బండి దగ్గరికి వచ్చేసరికి పావుగంటలో అడ్వాన్సు ఇచ్చేస్తాడు. బండికి రెండో పూట అంటే చల్లటి ఇంజన్. పొద్దున్నే వెళ్లి, స్టార్టు చేయకముందే సిలిండర్ మీద అరచెయ్యి వేయాలి. వెచ్చగా ఉంటే మర్నాడు వస్తానని చెప్పి వెనక్కి తిరగాలి. చల్లటి ఇంజన్ దాయలేదు. చోక్ లేనిదే నిలబడుతుందా, కిక్ రాడ్డు పాదానికి ఎదురుతిరుగుతుందా లేక మెత్తగా దిగిపోతుందా అన్నది అప్పుడే తెలుస్తుంది. నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రైజ్ చేస్తే వెనక నీలి పొగ లేస్తుందా? లేస్తే ఆయిల్ మండుతున్నట్టే, వాల్వు గైడ్లో రింగులో పోయినట్టే. మన నేల చదును కాబట్టి బందరు రోడ్డు మీద జారే క్లచ్ కూడా బుద్ధిమంతురాలిలా నడుస్తుంది. వెనకాల ఒక బరువైన మనిషిని ఎక్కించుకుని కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కితే, ఇంజన్ అరుపు పెరిగి వేగం పెరగకపోవడంలో దాని అసలు గుణం బయటపడుతుంది. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే మధ్యలో గాడి పడ్డట్టు ఆగుతోందా? కోన్ సెట్ పోయింది. ఏదీ మెకానిక్ చదువు కాదు, పైసా ఖర్చు లేదు.

అన్నిటికంటే పెద్ద వింత బుడమేరు. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ఆ వాగు పొంగి అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు దాటి, కట్టిన తర్వాత ఎన్నడూ లేనంత వరద పోయింది. మునిగిన ద్విచక్ర వాహనాలు వేలల్లో ఉన్నాయి, ప్రభుత్వం ఒక్కోదానికి 3,000 రూపాయల సాయం ప్రకటించింది. మెకానిక్ షెడ్ల ముందు బురద బండ్లు బారులు తీరడం ఊరంతా చూసింది. ఇప్పుడు బజారులో పాత బండ్లను అడిగి చూడండి, ఒక్కటీ ఆ నీళ్లు తాగలేదు. అన్నీ ఆ వారం పై అంతస్తులోనో, ఊళ్లో అత్తగారింట్లోనో ఉన్నాయి. మునిగిన సంగతి కాగితాల్లో వెతికితే దొరకదు, దానికో కారణముంది. పాత బండ్లకు ఎక్కువమంది కట్టేది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే. అది వరద నష్టం ఇవ్వదు కాబట్టి క్లెయిమూ లేదు, రికార్డూ లేదు. అందుచేత వరద ఇప్పటికీ మిగిలి ఉన్నది బండి లోపలే. హెడ్‌లైట్ డోము వెనక, ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున, సీటు కింద ఫ్రేము మూలల్లో మెత్తటి ఒండ్రు పేరుకుని ఉంటుంది. వైరింగ్ కప్లర్ విప్పితే రాగి పచ్చబారి ఉంటుంది. మీటరు అద్దం లోపల నీటి గీత కనబడుతుంది. బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలి తిన్న బండ్లకు ఒండ్రు ఉండదు గానీ, సైలెన్సర్ అడుగు, స్పోకులు, చైన్ కవర్ లోపలి వైపు తుప్పుతో పొరలు లేస్తాయి. పైకి రంగు కొట్టినవాడు లోపలికి కొట్టడు, ఎందుకంటే మనం లోపలికి చూడం.

ఇరవై వేల బండికి ఇంత హంగామా ఎందుకయ్యా అంటారు. లక్ష పెట్టి కొత్తది కొనేవాడికి వారంటీ ఉంది, షోరూం ఉంది, పాడైతే అరవడానికి ఓ మనిషి ఉన్నాడు. ఇరవై వేలే ఉన్నవాడికి మర్నాడు మరో ఎనిమిది వేలు పుట్టడమే కష్టం. పరీక్ష అవసరం ఎక్కువగా ఉన్నది అతనికే. మా మెకానిక్ చెవితో చెప్పేస్తాడు అనేది ఇంకో మాట. ఆటోనగర్ లాంటి చోటున్న ఊళ్లో చెవి గల మెకానిక్కులకు కొదవ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఎంత గొప్ప చెవైనా వేడెక్కిన ఇంజన్‌లో, కొత్తగా పోసిన చిక్కటి ఆయిల్ మాటున ఏం వింటుంది? పైగా అటువైపు నుంచి కూడా కమిషన్ అందే చెవి అయితే దానికి వినబడేది వేరు. పాత బండ్లు ఉక్కు, కొత్తవి ప్లాస్టిక్ అనేవాళ్లు మరీ ముచ్చటైనవాళ్లు. వాళ్ల ఆరాధ్య దైవం ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అందులో అన్నిటికంటే చిన్నదానికీ ముప్పై ఏళ్లు వస్తున్నాయి. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ఎప్పుడో తీరిపోయి, ఐదేళ్లకోసారి పొడిగించుకుంటూ బతకాల్సిన ఆయుష్షు దానిది. టూ స్ట్రోక్ కాబట్టి పెట్రోలుతో పాటు ఆయిల్ మండటం దాని స్వభావమే, పొగ చూసి జబ్బు పోల్చడం కూడా కుదరదు. దానికిచ్చే ధర ఇంజన్‌కు కాదు, యవ్వనంలో విన్న చప్పుడుకు. ఇష్టమైతే ఇచ్చుకోవచ్చు, కానీ దాన్ని నమ్మకమైన బండి అనకూడదు.

ఇన్ని అడిగితే మనకు ఎవరూ అమ్మరు అన్నదే చివరి అభ్యంతరం. ఇది తలకిందులైన భయం. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో పాత కార్ల బజారు మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. 2001లో నోబెల్ దాకా వెళ్లిన ఆలోచన అది. సరుకు లోగుట్టు అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియకపోతే, కొనేవాడు భయపడి అన్నిటికీ సగటు ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి బండి గలవాడు అమ్మడు, బజారులో మిగిలేవి అధ్వాన్నమైనవే. వేళకు ఆయిల్ మార్చి, చైన్ సెట్ వేయించి, రసీదులు దాచుకున్న మనిషి పటమటలోనో గుడివాడలోనో ఉంటాడు. అతని బండికీ, నిన్న రాత్రి పాలిష్ పెట్టిన బండికీ మనం ఒకటే రేటు కడుతున్నాం, ఎందుకంటే మనం చూసేది పాలిష్‌నే. కఠినంగా చూడటం వల్ల బేరం కోల్పోయేది పాలిష్ వాడు, రసీదులు దాచుకున్నవాడికి అదే ఉపకారం. అందరూ చల్లటి ఇంజన్ అడగడం మొదలుపెడితే దానికీ ఏదో విద్య కనిపెడతారు అంటారా? కనిపెట్టనివ్వండి. ఆ విద్యకయ్యే ఖర్చు రింగులు మార్చే ఖర్చును దాటిన రోజున వాళ్లే రింగులు మార్పిస్తారు.