నిలబెట్టిన లారీ

మా లారీ క్లీనరు కుర్రాడి కుడి చెంప మీద, కంటికి రెండు వేళ్ళ కింద, చింతగింజంత మచ్చ ఉంది. పుట్టుమచ్చ కాదు, నా వల్ల పడింది. ఎదురుపడినప్పుడల్లా "బాగున్నారా మాస్టారూ" అని నవ్వుతూనే పలకరిస్తాడు. నా చూపు మాత్రం ముందు ఆ మచ్చ మీదికే పోతుంది. జరిగింది జరిగినట్టుగా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటం ఇక నా వల్ల కావడం లేదు.

మాది నూజివీడు దగ్గర పల్లె. మామిడి తోట ఉంది. బంగినపల్లి ఎక్కువ, గట్ల వెంట చిన్నరసాలు. లారీ నడిపి సంపాదించిన డబ్బుతోనే నాన్న ఆ తోట కొన్నారు. ఆయన నడిపినన్నాళ్ళూ, వానలకు కిరాయిలు దొరకని రోజుల్లో తప్ప, లారీ వరసగా రెండు రోజులు ఇంటి ముందు ఆగిన గుర్తు నాకు లేదు. ఆయన పోయాక నేను బడి ఉద్యోగం వదల్లేదు, లారీనీ అమ్మలేదు. ఆ స్టీరింగు మీద ఆయన చేతులు అరిగించిన చోటు ఇప్పటికీ నున్నగా మెరుస్తుంటుంది. ఎవరికో ఎలా అప్పజెప్పను? అందుకని మామిడి కోతలు నడిచే ఆ రెండు నెలలూ కాయ నున్న మార్కెట్టుకు తోలడానికీ, ధాన్యం రోజుల్లో ఓ వారానికీ తీసేవాళ్ళం. మిగతా ఏడాదంతా రేకుల షెడ్డులోనే.

నడవని బండికి ఏమవుతుంది? టైరు అరగదు, డీజిలు కాలదు, ఇంజను అలిసిపోదు. ఇదీ నా నమ్మకం. తరవాతి తప్పులన్నీ ఈ నమ్మకంలోంచే పుట్టాయి.

నిజానికి నాన్న ముందే చెప్పి పోయారు. వానలకు కిరాయిలు లేక బండి ఆగిపోతే రెండు బ్యాటరీలూ విప్పించి, రిక్షాలో వేయించి, నూజివీడులో ఛార్జింగు షాపుకి పంపేవారు. మనిషి కూలీ, రిక్షా కిరాయి, షాపువాడి డబ్బులు. బండి తిరగనప్పుడు ఈ దండగ ఖర్చెందుకు నాన్నా అని ఒకసారి అడిగాను. "ఊరికే కూర్చోబెడితే చచ్చిపోతాయిరా" అన్నారు. పాతకాలపు మనిషి చాదస్తం అనుకున్నాను. పిల్లలకు సైన్సు చెప్పే మాస్టారిని నేను. సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం, 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సంగతి, అన్నీ బోర్డు మీద రాసి చెప్పినవాణ్ణి. నా షెడ్డులో అదే పాఠం నడుస్తుంటే మాత్రం చూడలేకపోయాను.

బ్యాటరీ ఏ పనీ చెయ్యకపోయినా లోపలి ఛార్జి తనంతట తాను కరిగిపోతుంటుంది. ఎండ ముదిరేకొద్దీ ఆ కరగడం వేగం పెరుగుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపు. మే నెలలో మా రేకుల షెడ్డు లోపల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఛార్జి తగ్గేకొద్దీ పలకల మీద సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. వెంటనే ఛార్జి పెడితే అది విడిపోయి, అందులోని సల్ఫేటు మళ్ళీ ఆమ్లంలోకి పోతుంది. వారాలు, నెలలు అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా బిగుసుకుంటుంది. ఆ తరవాత ఎంత ఛార్జి పెట్టినా పలకలో అంత మేర పనికిరాదు. కూర్చోబెడితే చచ్చిపోతాయి అని నాన్న అన్నది ఇదే. ఆయనకి ఈ సైన్సు తెలియదు, నాకు తెలుసు. తెలిసి కూడా నేను చేసిందేమీ లేదు.

చెయ్యకూడనివి మాత్రం చేశాను. మా లారీది 24 వోల్టుల వైరింగు, 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటాయి. డ్రైవరు పాటలు కావాలన్నాడని మ్యూజిక్ సెట్టు పెట్టించాను. బండి ఎక్కడుందో ఫోనులో చూసుకోవచ్చని ట్రాకరు పెట్టించాను. ఆ రెండింటికీ 12 వోల్టులు చాలని, ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగారు. పక్కనే నిలబడి చూశాను. 12 వోల్టులు ఎక్కడ దొరికితే అక్కడ తీసుకోవడంలో తప్పేముందనుకున్నాను.

ఏడాది తిరక్కుండా ఒక బ్యాటరీ పోయింది. కొత్తది వేయించాను. మరుసటి ఏడు మళ్ళీ అదే వైపుది పోయింది. కంపెనీ సరుకు బాగాలేదని షాపు మార్చాను. మూడేళ్ళలో నాలుగు బ్యాటరీలు మారాయి. ఎవరో చెప్పారని ఆదివారం ఆదివారం లారీ స్టార్టు చేసి పది నిమిషాలు ఉంచి ఆపేసేవాణ్ణి. ఆ పొగ వాసన వస్తే చాలు, బండిని పట్టించుకుంటున్నానని మనసుకి తృప్తిగా ఉండేది. సెల్ఫు కొట్టినప్పుడు ఖర్చయినంత ఆ పది నిమిషాల్లో తిరిగి వచ్చేదేమో గానీ, వారమంతా కారిపోయింది వచ్చేది కాదు. నీళ్ళు తగ్గితే మంచినీళ్ళ క్యానులోంచి పోశాను. డిస్టిల్డ్ వాటర్ బాటిల్ కోసం టౌనుకి వెళ్ళడానికి బద్ధకం. ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది.

ఆ మే నెల రాత్రి సంగతి. పగలంతా కోత కోశారు. గడ్డి పరిచి క్రేట్లు సర్ది లారీ నింపారు. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే వెలుగొచ్చేసరికి మార్కెట్టులో ఉండొచ్చు. సాయంత్రం డ్రైవరు తాళం తిప్పితే సెల్ఫు నీరసంగా మూలిగింది. నా దగ్గర ఒక మామూలు 24 వోల్టుల ఛార్జరు ఉంది. బ్యాటరీ నిండిందో లేదో దానికి తెలియదు, ఆపేదాకా తోస్తూనే ఉంటుంది. దాన్ని తగిలించి, గడ్డి పొట్టు పడకుండా బ్యాటరీ పెట్టె మూత కూడా వేసి పడుకున్నాను.

మూడింటికి లేచి వెళ్ళాను. కుర్రాడు టార్చి పట్టుకుని నా పక్కన వంగాడు. మూత తీస్తే పుల్లటి వాసన ముక్కుకి కొట్టింది. ఏదో సుయ్‌మంటోంది, నీళ్ళు సలసల కాగుతున్న చప్పుడు. ఆగి ఆలోచించాల్సింది అక్కడ. తొందరలో ఉన్నాను. ఛార్జరు స్విచ్ ఆపకుండానే క్లిప్పు పట్టుకుని లాగాను.

నీలంగా ఒక్క మెరుపు. టైరు పేలినట్టు చప్పుడు. బ్యాటరీ పైకప్పు రెండుగా చీలింది. టార్చి కిందపడి దొర్లుతోంది. కుర్రాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు, అరవలేదు కూడా. నేను క్లిప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎన్ని క్షణాలో చెప్పలేను. వాణ్ణి సంకలో ఇరికించుకుని నీళ్ళ తొట్టి దగ్గరికి పరిగెత్తింది డ్రైవరు, నేను కాదు. చెంబు తరవాత చెంబు, అరగంట సేపు కన్ను తెరిపించి కడిగాడు. నేను వెళ్ళి చెంబు అందుకునేటప్పటికి సగం పని అయిపోయింది. నూజివీడులో డాక్టరు గారు మళ్ళీ కడిగి, పరీక్ష చేసి, వెంటనే నీళ్ళు పోయబట్టి కన్ను దక్కిందన్నారు. నా పంచె మీద పడిన చుక్కలు ఆ పూట కనబడలేదు. ఉతికాక చూస్తే జల్లెడలా చిల్లులు. దాన్ని పారేయలేదు, బీరువాలోనే ఉంది.

కాయ వేరే బండిలో మధ్యాహ్నానికి చేరింది. వచ్చిన ధర గురించి ఎవరూ మాట్లాడలేదు.

వారం తరవాత బెజవాడ ఆటోనగర్ నుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాను. తల నెరిసిన ఎలక్ట్రీషియన్. రాగానే అడిగింది లారీ గురించి కాదు, "కుర్రాడి కన్ను ఎలా ఉంది?" అని. తరవాత మల్టీమీటరు తీశాడు. మిగిలిన బ్యాటరీ మీద పెడితే 11.6 చూపించింది. మ్యూజిక్ సెట్టుకీ ట్రాకరుకీ వైరు లాగింది దానికే. పేలింది రెండోది, నిండుగా ఉన్నది. రెండూ వరసలో ఉండేసరికి ఛార్జరు తోసిన కరెంటు ఒకేలా పోయింది. ఆకలిగా ఉన్నది తాగింది. నిండినదానిలో నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ అయింది. మూత వేసి ఆ వాయువుని బయటికి పోనివ్వకుండా చేసింది నేను. నిప్పు ఇచ్చిందీ నేనే.

"మాస్టారూ, ఒకే కాడికి కట్టిన రెండెడ్లలో ఒకదానికి రోజూ మేత తగ్గిస్తా వచ్చారు" అన్నాడాయన. బండి ఆపి ఉన్నప్పుడు ఆ వైరులో ఎంత పోతోందో కొలిచి చూపించాడు, 60 మిల్లీ ఆంపియర్లు. చాలా తక్కువే. కానీ రోజుకి దాదాపు ఒకటిన్నర ఆంపియర్-అవర్, నెలకి నలభై పైమాట. నూరు ఆంపియర్-అవర్ల బ్యాటరీ రెండున్నర నెలలు తిరక్కుండానే ఖాళీ. ఈ లెక్క నా ఏడో తరగతి పిల్లలు చేస్తారు.

ఆ వైరు తీసేసి, 24ని 12గా మార్చే కన్వర్టరు పెట్టాడు. తరవాత మెయింటైనర్లు కొనమన్నాడు, ఒక్కో బ్యాటరీకి ఒక్కటి. ఇవి బ్యాటరీని 14.4 వోల్టుల దాకా తీసుకెళ్ళి, నిండిందని తెలియగానే 13.5 దగ్గరికి దిగి అక్కడే కనిపెట్టుకుని ఉంటాయి. కారిపోయినంత మేరకే పోస్తాయి, ఉడకబెట్టవు. వీటిని అర్థం చేసుకోవడంలోనూ నేను తడబడ్డాను. 11.6కి దిగిన పాత బ్యాటరీకే మెయింటైనర్ తగిలించి వారం రోజులు పచ్చ లైటు కోసం చూశాను, వెలగలేదు. ఒక ఆంపియరు ఇచ్చే చిన్న పెట్టె అది. నిండుగా ఉన్నదాన్ని నిండుగా ఉంచడమే దాని పని. దిగిపోయినదాన్ని ముందు పెద్ద ఛార్జరుతో, కళ్ళముందు పెట్టుకుని నింపాలి. పలకలు బిగుసుకుపోయినదాన్ని అదీ బతికించలేదు. కొత్త జత వేయించాను. రెండు మెయింటైనర్లకీ కలిపి ఒక బ్యాటరీ ధర కూడా కాలేదు.

కరెంటు పోయి వస్తే కొన్ని రకాల మెయింటైనర్లు మళ్ళీ బటన్ నొక్కేదాకా మొదలవ్వవు. పల్లెటూళ్ళో అది పనికిరాదు, అడిగి కొనాలి. ఇప్పుడు పెట్టె మూత తీసే ఉంచుతున్నాను. నెలకోసారి మెయింటైనర్లు విప్పి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున్నే మీటరు పెట్టి చూస్తాను. నిన్న పొద్దున రెండూ 12.7 చూపించాయి. విప్పింది ఆ కుర్రాడే. ముందు గోడ దగ్గర స్విచ్ ఆపాడు, తరవాత క్లిప్పు తీశాడు. అంతసేపూ నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

మీ ఇంటి ముందు నిలబెట్టిన బండి ఏదైనా ఉంటే, లారీ కానివ్వండి, ట్రాక్టరు కానివ్వండి, నాన్నగారి పాత కారు కానివ్వండి, ఇవాళే మీటరు పెట్టి చూడండి. 12 వోల్టుల బ్యాటరీ ఏదైనా 12.4కి తక్కువ ఉంటే రేపటిదాకా ఆగకండి. ఛార్జరు తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపండి. ఆ సమయంలో పక్కన పిల్లల్ని వంగనివ్వకండి.