మచ్చు చూసి నిరూపించే మాస్టారు

నరసరావుపేట నుంచి ఒంగోలు దాకా ఏ ఊరు తీసుకున్నా, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకరుంటారు. ముందు పెన్షన్ వస్తుంది, తర్వాత బీపీ వస్తుంది, ఆ వెనకే గోల్డ్‌బాక్ వస్తాడు. 1742 జూన్ 7న ఈ గణితజ్ఞుడు మాస్కో నుంచి సాటి గణితజ్ఞుడు ఆయిలర్‌కి రాసిన ఉత్తరంలోంచి పుట్టిన చిక్కు ఇది: 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనా? ఆయిలర్ నిజమేనన్నాడు గానీ నిరూపించలేకపోయాడు. మాస్టారు నిరూపించేశారు. పెళ్లిలో నూటపదహార్లు చదివిస్తూ పురోహితుడి చెవిలో "3, 113" అంటారు. ఆయన ఊరుకుంటే "7, 109" అంటారు. 116ని అలా ఆరు రకాలుగా విడగొట్టేసరికి మొదటి బంతి లేచిపోతుంది. కరెంటు బిల్లుల వెనకా, శుభలేఖల అంచులమీదా అన్నీ ఈ జంటలే.

ఈ నిరూపణకు మూలం గుంటూరు మిర్చి యార్డని నా వాదన. అక్కడ వందల టిక్కీల, అంటే బస్తాల, సరుక్కి ధర కట్టేది గుప్పెడు కాయల మచ్చు చూసే. రంగు చూస్తారు, తొడిమ చూస్తారు, విరిచి ఆరుదల చూస్తారు, బేరం తెగిపోతుంది. పత్తిదీ అదే దారి, కాస్త పింజ లాగి చూస్తే చాలు. చిన్నప్పట్నించీ ఇది చూసిన మాస్టారు, సరి సంఖ్యల కల్లంలోంచి ఓ రెండు వేలు ఏరి, తాలు కనపడలేదని మొత్తానికి హామీ రాసిచ్చేస్తారు. యార్డులో సరుక్కి చివరి టిక్కీ ఉంటుంది. సరి సంఖ్యలకు అది లేదు. "కంప్యూటర్లు 4 పక్కన 18 సున్నాల దాకా చూశాయి, ఒక్కటీ తప్పలేదు కదా అబ్బాయా!" అని ఆయన అడ్డుపడతారు. చూసిన మాట నిజమే. అదీ గుప్పెడే.

గుప్పెడు మోసం చేస్తుందనడానికి సాక్ష్యం ఆ యార్డులోనే ఉంది. 334, 341 అని పేరున్న మిర్చి రకాలు అక్కడ అమ్ముడవుతాయి. 334 బుద్ధిమంతురాలు, 3, 331 అని విడిపోతుంది. 341 అలాంటిది కాదు. ప్రధాన సంఖ్యల్ని పట్టడానికి పాత పరీక్ష ఒకటుంది: 2కి ఆ సంఖ్యంత ఘాతం కట్టి, 2 తీసేసి, ఆ సంఖ్యతోనే భాగించాలి. శేషం లేకపోతే అది ప్రధానమన్నమాట. 7కి 126 వస్తుంది, పోతుంది. 9కి 510 వస్తుంది, పోదు. ఇలా 340 దాకా పరీక్ష ఒక్క అబద్ధమూ ఆడదు. 341నీ ప్రధానమే అంటుంది. తీరా చూస్తే అది పదకొండు ముప్పై ఒకట్లు! సరి సంఖ్యల్లో ఉన్న ఒకే ఒక్క ప్రధానం 2, దాన్ని కాపలా పెట్టినా దొంగ దూరింది. 1819లో సారస్ అనే ఫ్రెంచివాడు పట్టుకున్నాడు. మాస్టారి పద్ధతిలోనైతే 340 దగ్గరే నిరూపణ ముగిసి, శాలువా కప్పడం కూడా అయిపోయేది.

గణితజ్ఞులూ గోల్డ్‌బాక్ మాట నమ్ముతారు కదా అంటే, నమ్ముతారు, కారణం ఉంది. సంఖ్య పెరిగేకొద్దీ మొత్తమ్మీద జంటలూ పెరుగుతాయి: 100కి 6, 1000కి 28, పది లక్షలకి 5402. జంట దొరకని సరి సంఖ్యంటూ ఉంటే మొదట్లోనే బయటపడాలి. ఇంత నమ్మకం బేరానికి ఎక్కువే, నిరూపణకు మాత్రం చాలదు. అప్పుడు మాస్టారు చివరి బాణం తీస్తారు: "కొమరవోలు చంద్రశేఖరన్ మన బాపట్లలోనేగా చదివింది!" చదివారు. 1920లో బందరులో పుట్టి, బాపట్లలో హైస్కూలు ముగించి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ దాటి, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో గణిత విభాగాన్ని నిలబెట్టి, సంఖ్యా సిద్ధాంతం మీద పుస్తకాలు రాశారు. ఇంత దారిలోనూ మాస్టారికి కావలసింది బాపట్ల స్టేషనొక్కటే.

మీ ఊళ్లో ఆయన ఎదురైతే 341 ప్రధానమేనా అని అడగండి, కాదని ఠక్కున చెబుతారు. నోటుపుస్తకం తీశారంటే మాత్రం, బస్సు వచ్చిందని చెప్పి కదలండి.