సార్ లైన్లో ఉన్నారు

ఆయన దగ్గర హెల్మెట్ లేదనుకుంటే పొరపాటే. ఉంది. బండి ఎక్కినప్పుడల్లా వెంట తీసుకెళ్తాడు కూడా. కాకపోతే అది మోచేతికి వేలాడుతూనో, పెట్రోల్ ట్యాంకు మీద కూర్చునో ఊరు చూస్తుంది. ఎందుకండీ అంటే, జుట్టు ఊడిపోతుందంటాడు. ఊడడానికి మిగిలింది ఎంతో చూసినవాళ్లు ఆ మాట నమ్మరు. అసలు కారణం ఆయన జేబులో ఉంది. అది ఫోను. ఫోనులో సార్లున్నారు. సార్లుండగా తలకు వేరే రక్షణ దేనికి?

హైదరాబాద్‌లో ఏ కూడలిలోనైనా ఈయన కనిపిస్తాడు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, ఎక్కడైనా సరే. తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు దూరంగా కనబడగానే మామూలు మనిషి సందులోకి తిప్పుతాడు, లేదా గబగబా హెల్మెట్ తగిలించుకుంటాడు. మనవాడు అలాంటి పిరికిపనులు చేయడు. దర్జాగా తనే వెళ్లి ట్రాఫిక్ పోలీసు పక్కన బండి ఆపుతాడు. ఇంజను మాత్రం ఆపడు. ఆపేంతసేపు అక్కడ ఉండబోమని ధీమా.

మొదట ప్రమోషన్లు పంచుతాడు. కానిస్టేబుల్‌ని “ఎస్సైగారూ” అంటాడు. హెడ్‌ కానిస్టేబుల్ అయితే “సీఐగారూ”. భుజం మీద ఎరుపు నీలం పట్టీతో రెండు నక్షత్రాలుంటే ఎస్సై అనీ, అదే పట్టీతో మూడుంటే ఇన్‌స్పెక్టర్ అనీ ఆయనకు తెలియక కాదు. డిపార్ట్‌మెంటు ఏళ్లతరబడి ఇవ్వని ప్రమోషన్ తాను నడిరోడ్డు మీద ఉచితంగా ఇస్తే కరగని మనసుండదని లెక్క. పొద్దుటినుంచి పొగలో నిలబడ్డ ఆ కానిస్టేబుల్ అలాంటి ప్రమోషన్లు రోజూ చూస్తూనే ఉంటాడు. మొహంలో ఏ మార్పూ ఉండదు.

“లైసెన్స్ తియ్యన్నా.”

లైసెన్స్ రాదు. ఫోను వస్తుంది.

“ఒక్క నిమిషం ఎస్సైగారూ. సార్ లైన్లో ఉన్నారు, మాట్లాడండి.”

ఆ ఫోనులో పేర్ల జాబితా ఒకసారి చూసే భాగ్యం నాకు కలిగింది. ‘సీఐ సార్ (పాత)’, ‘ఎస్సై తోడల్లుడు టైల్స్’, ‘ఎమ్మెల్యే పీఏ డ్రైవర్’, ‘డీఎస్పీ గారి పెళ్లి ఫొటోలు’, ‘కమిషనరాఫీస్ క్యాంటీన్’. సొంత తమ్ముడి నంబరు మాత్రం కనపడలేదు. ఈ సంపద ఆయన ఒక్కరోజులో కూడబెట్టింది కాదు. గృహప్రవేశాల్లో, వినాయక మండపాల దగ్గర, పార్కులో పొద్దుటి నడకల్లో ఏరుకున్నది. ఎవరైనా తాను పోలీసుననో, పోలీసుకు చుట్టాన్ననో అన్నారంటే చాలు, చేతిలో పులిహోర ప్లేటు పక్కన పెట్టి నంబర్ ఎక్కించుకుంటాడు. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్రబుగ్గలు తీసేశారు గానీ, ఈయన బుగ్గ జేబులో ఉండబట్టి ఎవరూ తీయలేకపోయారు.

ఇక చేతికందిస్తున్న ఫోన్‌ని పుచ్చుకోకపోవడం అనేది పెద్ద విద్య. పోలీసు ట్రైనింగ్‌లో నేర్పుతారో లేదో గానీ, సర్వీసు పెరిగేకొద్దీ అందరికీ వస్తుంది. కొందరు ఫోను తమవైపు కదలగానే రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటారు. కొందరికి సరిగ్గా ఆ క్షణంలోనే ఎదురుగా రాంగ్ రూట్లో ఆటో కనిపిస్తుంది, విజిలూదుకుంటూ వెళ్లిపోతారు. బాగా ముదిరినవాళ్లు మటుకు ఫోను వంక చూడకుండా అడుగుతారు.

“ఏ సార్? ఏ స్టేషన్?”

ఇక్కడే మనవాడికి భూగోళం అడ్డొస్తుంది. సార్‌ది సైబరాబాద్ అయితే, ఇది హైదరాబాద్ కమిషనరేట్. సార్‌ది హైదరాబాదే అయినా ఆయన లా అండ్ ఆర్డర్, వీళ్లు ట్రాఫిక్. ఈమధ్య కొందరికి ఛాతీ మీద కెమెరా కూడా ఉంటోంది. “రికార్డింగ్ అయితున్నదన్నా” అని దాన్ని వేలితో చూపిస్తే చాలు, మనవాడి గొంతు దానంతటదే తగ్గిపోతుంది.

అయినా ఓటమి ఒప్పుకోడు. స్పీకర్ నొక్కుతాడు. ఒకసారి పంజాగుట్టలో అలా నొక్కినప్పుడు పక్కనున్న నలుగురం విన్నాం.

“బావా, నేనే. ఇక్కడ ఆపారు. సార్‌కి ఒక్క ముక్క చెప్పు.”

“ఎవరూ?”

“నేను బావా... మొన్న మీ మరదలి గృహప్రవేశంలో కలిశాం. పులిహోర దగ్గర.”

“ఆఁ ఆఁ. హెల్మెట్ ఉన్నదా?”

“ఉంది బావా.”

“పెట్టుకున్నవా?”

“చేతిలో ఉంది.”

“మరింకేంది, కట్టేయ్. నేను బందోబస్తుల ఉన్న.”

లైన్ కట్టయింది. మనవాడు ఖాళీ ఫోనుతో ఇంకాసేపు మాట్లాడి, “సరే సార్, తప్పకుండా సార్, మీ పేరు చెప్తాను సార్” అని ముగించాడు. కానిస్టేబుల్ ఆయన గౌరవం కాపాడాడు, నవ్వలేదు. ఫొటో కొట్టి, “ఆన్‌లైన్ల పడిపోయిందన్నా, ఇంక నా చేతుల లేదు” అన్నాడు.

ఇంత యాగీ ఎంత సొమ్ముకని? తెలంగాణలో హెల్మెట్ లేనందుకు చలానా ఏళ్లతరబడి నూట ముప్పై అయిదు రూపాయలే ఉండేది. వంద జరిమానా, పైన ముప్పై అయిదు యూజర్ చార్జీలు. 2019 సెప్టెంబర్ 1న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ చట్టం ప్రకారం అయితే వెయ్యి రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్స్ మీద వేటు. తెలంగాణ అప్పట్లో ఆ బరువు జరిమానాల జోలికి పోలేదు గనక మనవాడు బతికిపోయాడు. ఆయన ఫోను ఎప్పుడూ పనిచేయదనీ అనలేం. ఒక వేసవిలో పనిచేసింది. నూట ముప్పై అయిదు మిగిలాయి. ఆ ఉపకారానికి సార్ ఇంటికి ఒక పెట్టె బంగినపల్లి పళ్లు వెళ్లాయి. పెట్టె ఖరీదు ఆయన భార్యను అడగండి, నన్నడగొద్దు.

అలా ఎప్పుడో ఒకసారి పనిచేస్తుంది గనకే ఈ జాతి వర్ధిల్లుతోంది. ఈ తప్పు ఆయన ఒక్కడి మీదే మోపను. అవతల ఫోనెత్తి “మనోడే, చూడు” అనే సార్ కూడా ఉన్నాడు కదా. ఈ ఫోను నాటకం నడుస్తున్నంతసేపూ పక్కన వరసలో ఫుడ్ డెలివరీ కుర్రాడొకడు నిలబడి ఉంటాడు. వాడికి లైన్లో ఉండేది ఆకలిమీదున్న కస్టమర్ ఒక్కడే. చకచకా లైసెన్స్ చూపించి, చలానా రాయించుకుని వెళ్లిపోతాడు. మన పెద్దమనిషి ఇంకా “బావా, వినపడుతోందా?” అంటూనే ఉంటాడు.

వచ్చిన చలానాలు వెంటనే కట్టడం ఆయన సిద్ధాంతానికి విరుద్ధం. జనం ఆషాఢం సేల్‌కి ఎదురుచూస్తే, ఆయన చలానాల రాయితీకి ఎదురుచూస్తాడు. 2022 మార్చిలో ప్రభుత్వం ద్విచక్ర వాహనాలవాళ్లని పాతిక శాతం కట్టి పొమ్మంది. 2023 డిసెంబర్‌లో ఏకంగా ఎనభై శాతం మాఫీ చేసింది. రెండుసార్లూ పాత బాకీలన్నీ తీర్చేసి, “పైన మనవాళ్లతో చెప్పి పెట్టించాను” అని అపార్ట్‌మెంట్ మీటింగులో ప్రకటించుకున్నాడు.

శ్వాస పరీక్ష యంత్రం దగ్గర మాత్రం ఆయన సార్లు ఎందుకూ కొరగాలేదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో మద్యం ముప్పై మిల్లీగ్రాములు దాటితే కేసే. గొట్టంలోకి ఊదాక తెర మీద పడ్డ అంకె బావ చెప్పినా తగ్గదు. ఆ తర్వాత గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో కౌన్సెలింగ్‌కి ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకు రమ్మన్నారు. ఆయన వెంట భార్య వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు బండి ఆవిడే నడిపింది, హెల్మెట్ పెట్టుకుని.

రోడ్డు మీద ఇంత ధైర్యస్థుడు పాస్‌పోర్ట్ వెరిఫికేషన్‌కి స్టేషన్ నుంచి మనిషి వస్తున్నాడని కబురు రాగానే చెమటలు కక్కాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఇద్దరు పక్కింటివాళ్లని పొద్దున్నే పిలిచి కూర్చోబెట్టాడు. వచ్చిన కానిస్టేబుల్ వివరాలు చూసుకుని, ట్యాబ్‌లో ఫొటో తీసుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఎవరితోనూ మాట్లాడించే అవసరం పడనందుకు మనవాడు చాలా నొచ్చుకున్నాడు.

ఇంతటివాడి ఫోను పోయిన సంవత్సరం సిటీ బస్సులో పోయింది. ఫోనుతోపాటు సార్లందరూ పోయారు. ఒక్కరి నంబరూ నోటికి రాదు. జీవితంలో మొదటిసారి ఎవరి పేరూ చెప్పకుండా స్టేషన్ మెట్లెక్కి, తెల్లకాగితం మీద ఫిర్యాదు రాశాడు. అక్కడి కుర్ర కానిస్టేబుల్ ఫోను డబ్బా మీదున్న ఐఎంఈఐ నంబర్ తెమ్మన్నాడు. ఆ పదిహేను అంకెలూ టెలికం శాఖవారి సీఈఐఆర్ పోర్టల్‌లో ఎక్కించి, ఫోన్ బ్లాక్ చేయించి, దొరికితే కబురు పెడతామన్నాడు. ఎవరు పంపారనీ, ఏమవుతారనీ అడగనేలేదు. కొన్నాళ్లకు ఫోను దొరికింది. దొరికిన ఫోన్లన్నీ బల్ల మీద పేర్చి, పోగొట్టుకున్నవాళ్లని వరసగా నిలబెట్టి, ఓ పెద్ద అధికారి పంచిపెట్టారు. ఆ ఫొటోలో మనవాడు సరిగ్గా ఆయన పక్కనే ఉన్నాడు. ఎలా చేరాడో ఫొటోగ్రాఫర్‌కే తెలియాలి.

ఇప్పుడు ఆ ఫొటో ఆయన వాట్సాప్ డీపీ. సిగ్నల్ దగ్గర ఆపితే ఫోను చెవికి పెట్టడం మానేసి, డీపీ పెద్దది చేసి చూపిస్తున్నాడు. ఆ అధికారి ఆఫీసు ల్యాండ్‌లైన్ నంబర్‌ని ‘డీసీపీ (మనోడే)’ అని దాచుకున్నాడు కూడా.

పాఠకులారా, మీరు ఎప్పుడైనా ఏ పెళ్లిలోనో పులిహోర దగ్గర నిలబడి, మా మేనమామ పోలీసు అని నోరు జారి ఉంటే మీ నంబరూ ఆ జాబితాలో చేరే ఉంటుంది. ఏ మిట్టమధ్యాహ్నమో ట్రాఫిక్ హోరు మధ్య నుంచి “బావా, నేనే” అని వినపడితే, దయచేసి రాంగ్ నంబర్ అనండి.