క్లాండైక్ టూర్ ప్రోగ్రాం గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన టూర్ ప్రోగ్రాం గారికి,

వచ్చే ఎండాకాలానికి మిమ్మల్ని మళ్ళీ అచ్చువేస్తున్నారనీ, ఈసారి కూడా మీలో ఒక్క అక్షరం మారలేదనీ తెలిసింది. ఇక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కెనడా ఉత్తరాన యూకాన్ అడవుల్లో, ఒకప్పుడు బంగారం కోసం జనం ఎగబడిన ఊళ్ళ మీదుగా మీరు తిప్పిన వ్యానులో నేనూ ఒక ప్రయాణికురాలిని. ఎదురుగా చెప్పుకుందామంటే దారి పొడుగునా మీకు తీరిక లేకపోయింది. మీ వెంట రేపు బయల్దేరబోయేవాళ్ళు కూడా వినాల్సిన మాటలు గనక బహిరంగంగానే రాస్తున్నాను.

మా వైపు నుంచి మీకు ఏ లోటూ జరగలేదని ముందుగా మనవి. పొద్దున ఆరున్నరకు వ్యాను దగ్గర ఉండమని మీరంటే ఆరుంబావుకే సామాన్లతో నిలబడ్డాం. ఆగస్టు మొదట్లో అక్కడ రాత్రి పదకొండు దాకా వెలుతురు పోదు. నిద్ర చాలక కళ్ళు మండుతున్నా మీ వేళ తప్పలేదు. పిల్లల దగ్గరికి హైదరాబాదు నుంచీ చిత్తూరు నుంచీ వచ్చిన పెద్దవాళ్ళు మాలో ఉన్నారు. మోకాళ్ళు సహకరించకపోయినా మిమ్మల్ని వాళ్ళు ఏ రోజూ ఆలస్యం చేయలేదు. మీ కాగితం వానకు తడిస్తే అక్షరాలు అలుక్కుపోతాయని ప్లాస్టిక్ కవర్లో పెట్టి కాపాడుకున్నాం. మీరు రాసిందే చూడదగ్గదనీ, రాయనిది చూడక్కర్లేదనీ నమ్మాం. ఆ నమ్మకాన్ని మీరేం చేశారో ఒక్కొక్కటిగా చెబుతాను.

మొదటిది చేప సంగతి. వైట్‌హార్స్‌లో యూకాన్ నది మీద 1958లో జలవిద్యుత్తు కోసం ఆనకట్ట కట్టారు. చేపలు దాన్ని దాటి పైకి పోయేందుకు ఆ మరుసటి ఏడు చెక్కతో మెట్లమెట్లుగా ఒక కాలువ వేశారు. చినూక్ సాల్మన్ అనే పెద్ద చేప బేరింగ్ సముద్రంలోంచి నదిలోకి వచ్చి, దాదాపు 3,000 కిలోమీటర్లు ఏటికి ఎదురీది, దారిలో మేత ముట్టకుండా, తాను పుట్టిన నీళ్ళలో గుడ్లు పెట్టడానికి సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడికి చేరుతుంది. ఆ కాలువ పక్కన అద్దాల కిటికీ ఉంటుంది. అదృష్టం బాగుంటే చేప మన కళ్ళకెదురుగా నిలబడి సేదదీరుతుంది. ఆ చేపలు ఎంతగా తగ్గిపోయాయంటే, 2024లో కెనడా, అలాస్కా కలిసి యూకాన్ నదిలో ఏడేళ్ళపాటు వాటిని పట్టకూడదని ఒప్పందం రాసుకున్నాయి. ఆ చేప పుట్టి, సముద్రానికి పోయి, తిరిగొచ్చే పూర్తి కాలం అది. వేసవిలో చేపలు కోసి ఆరబెట్టుకుని చలికాలం గడిపిన ఆ నది ఒడ్డు జనానికి, ఆ పని పిల్లలకు నేర్పుదామంటే ఇవాళ చేతిలో చేప లేదు. ఇంత కథ మేము బస చేసిన ఊళ్ళోనే ఉంది. మీలో దాని పేరు లేదు. ఆ ఉదయం మీరు మమ్మల్ని బహుమతి వస్తువుల దుకాణానికి పంపారు.

రెండోది గుర్రాల సంగతి. అలాస్కాలోని స్కాగ్‌వే నుంచి వైట్ పాస్ కనుమ ఎక్కే రైల్లో ఏ పక్క కూర్చుంటే ఫొటోలు బాగా వస్తాయో మీరు శ్రద్ధగా రాశారు. మంచిదే. ఆ రైలు లేని రోజుల్లో అక్కడేం జరిగిందో మాత్రం రాయలేదు. 1897-98లో వేలమంది ఆ కనుమ ఎక్కారు. ఏడాదికి సరిపడా తిండి వెంట లేనివాళ్ళను కెనడా మౌంటెడ్ పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదు. పనిముట్లతో కలిపితే మనిషికి దాదాపు టన్ను బరువు. ఆ బరువంతా గుర్రాల వీపుకెక్కింది. బురదలో కూరుకుపోయి, రాళ్ళ మధ్య కాళ్ళు విరిగి, తిండిలేక, దెబ్బలు తిని సుమారు 3,000 గుర్రాలు ఆ దారిలో చచ్చిపోయాయి. వెనక వచ్చినవాళ్ళు వాటిమీదుగానే నడిచారు. ఆ లోయకు ఇప్పటికీ డెడ్ హార్స్ గల్చ్ అనే పేరు. దాని మీదుగా వెళ్ళేటప్పుడు మా రైలు పెట్టెలో అందరూ జలపాతం ఫొటో తీసుకుంటున్నారు. వాళ్ళను తప్పుపట్టను. కింద ఏముందో వాళ్ళకు చెప్పాల్సింది మీరు.

మూడోది షా ట్లా సంగతి. బొనాంజా వాగు దగ్గర ‘జార్జ్ కార్మాక్ బంగారం కనుగొన్న స్థలం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 1896 ఆగస్టులో ఆ వాగు దగ్గరున్న బృందంలో కార్మాక్ ఒక్కడే బయటివాడు. కేట్ అని తెల్లవాళ్ళు పిలిచిన షా ట్లా అతని భార్య, టాగిష్ అనే స్థానిక తెగ ఆడపడుచు. స్కూకుమ్ జిమ్ అని పిలిచిన కీష్ ఆమె సోదరుడు, డాసన్ చార్లీ అనేవాడు వాళ్ళ మేనల్లుడు. బంగారం ముందు ఎవరి కంటపడిందన్నది నేటికీ వాదనలో ఉన్న విషయం. టాగిష్ ఇళ్ళలో చెప్పుకునే కథలో అది కీష్ కంటపడింది. కనుగొన్నవాడి క్లెయిము మాత్రం కార్మాక్ పేరున రాశారు. 1900లో అతను షా ట్లాను వదిలేశాడు. ఆమె పుట్టింటివారున్న కార్‌క్రాస్‌కు తిరిగొచ్చి 1920లో కన్నుమూసింది. కీష్ తన సంపదలో కొంత తనవాళ్ళ మేలు కోసం నిధిగా రాసిపోయాడు. ఆయన పేరు మీద వైట్‌హార్స్‌లో ఈరోజుకీ ఒక కేంద్రం నడుస్తోంది. మీరు కార్‌క్రాస్‌లో వ్యాను ఆపించారు, ఐస్‌క్రీం కోసం. అది ఎవరి ఊరో చెప్పడానికి ఒక్క వాక్యం చాలు గదా!

నాలుగోది, నాకు అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగించినది, బంగారం ఊరైన డాసన్ సంగతి. వైట్‌హార్స్ నుంచి అక్కడికి దాదాపు 530 కిలోమీటర్లు. ఒక్క పగట్లో లాగించారు. కార్మాక్స్, పెల్లీ క్రాసింగ్ అనే ఊళ్ళు మీకు పెట్రోలు బంకులుగానే కనబడ్డాయి. అవి నార్తర్న్ టచోన్ ప్రజలు కాపురముంటున్న ఊళ్ళు. డాసన్ చేరాక మాకిచ్చింది ఒక సాయంత్రం, అందులో భోజనం, కాసినో, కాన్‌కాన్ నృత్యం.

ఆ ఊరి పక్కనే క్లాండైక్ నది వచ్చి యూకాన్‌లో కలుస్తుంది. ఆ సంగమం దగ్గరున్న ట్రోచెక్, ట్రొండెక్ హ్వెచిన్ ప్రజలు తరతరాలుగా చేపలు పట్టుకున్న చోటు. బంగారం వార్త పాకాక వాళ్ళ గుడిసెల మధ్యకే జనం వచ్చిపడ్డారు. ఎదుటి ఒడ్డున రెండేళ్ళలో నగరం లేచింది. అడవి నరికారు, వేట జంతువులు చెదిరిపోయాయి, జబ్బులొచ్చాయి, సారా వచ్చింది. వాళ్ళ పెద్ద చీఫ్ ఐజక్ 1897లో తనవాళ్ళను వెంటబెట్టుకుని నది దిగువన సుమారు 5 కిలోమీటర్ల దూరంలోని మూస్‌హైడ్‌కు తరలిపోయాడు. ఆ గొడవలో తమ పాటలు, ఆటలు నశించిపోతాయని గ్రహించి వాటిని అలాస్కాలోని బంధువులకు అప్పగించాడు. మళ్ళీ అడిగేదాకా దాచిపెట్టండని చెప్పి మరీ ఇచ్చాడు. వాళ్ళు దాచారు. దాదాపు వందేళ్ళ తర్వాత మనవల తరంవాళ్ళు వెళ్ళి ఆ పాటలు నేర్చుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఇప్పుడు ఏడాది విడిచి ఏడాది మూస్‌హైడ్‌లో అందరూ కలుసుకుని పాడుకుంటారు. 1998లో వాళ్ళ స్వపరిపాలన హక్కుల ఒప్పందం జరిగింది. 2023లో ట్రొండెక్-క్లాండైక్‌ను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. అందులో బంగారం ఊరితోపాటు వాళ్ళ పాత నివాసాలూ ఉన్నాయి. డాసన్‌లోనే నది ఒడ్డున డానోజా జో అనే సాంస్కృతిక కేంద్రం పెట్టుకుని, వచ్చినవాళ్ళకు ఈ కథ వాళ్ళే చెబుతారు. మేము దాని ముందునుంచే నడిచి వెళ్ళాం. లోపలికి వెళ్ళే వేళ మీరు ఇవ్వలేదు. పాట దాచుకోవడానికి అంత పాటుపడినవాళ్ళ గుమ్మం ముందు ఆగకుండా, కాన్‌కాన్‌కు కూర్చోబెట్టారు. ఈ ఒక్కదానికి మిమ్మల్ని క్షమించడం నావల్ల కావడం లేదు.

ఐదోది బొనాంజా వాగు. బంగారం జల్లించుకునే పళ్ళెం మా చేతికిచ్చి మీరు గంట సమయం రాశారు. నీళ్ళలో ముంచి, అటూ ఇటూ తిప్పి, గులకరాళ్ళు పైనుంచి జారవిడిస్తే అడుగున నల్లని ఇసుక మిగులుతుంది. ఇసుక కన్నా బంగారం బరువు కనక రేణువుంటే అక్కడే, అంచున నిలుస్తుంది. బాగుంది, పిల్లలు మురిసిపోయారు. అసలు పని అంత తేలిక కాదు. అక్కడి నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది. చలికాలంలో కట్టెలు పేర్చి మంటపెట్టి, కరిగిన జానెడు మట్టి తవ్వి, మళ్ళీ మంటపెట్టి, అలా అడుగున బండ తగిలేదాకా బావిలా దిగేవారు. తీసిన మట్టిని ఎండాకాలం వాగు పారాక కడిగేవారు. అప్పట్లో చుట్టూ కొండలమీద చెట్లు మిగల్లేదంటే ఒక కారణం అదే.

ఆ తర్వాత యంత్రాలు దిగాయి. నాలుగో నంబరు డ్రెడ్జి ఇప్పటికీ ఆ వాగు ఒడ్డునే ఉంది, ఎనిమిదంతస్తుల ఎత్తున. తాను తవ్వుకున్న చెరువులోనే తేలుతూ, గొలుసుకు కట్టిన ఇనుప తొట్లతో ముందు నేలను తోడి, బంగారం ఉంచుకుని, రాళ్ళను వెనక్కి పోసుకుంటూ 1913 నుంచి 1959 దాకా లోయల వెంట నడిచింది. అది పోసిన రాళ్ళు నేటికీ వరసలు వరసలుగా కిలోమీటర్ల కొద్దీ పడి ఉన్నాయి. అడుగున ఉండాల్సిన గులకరాయి పైకొచ్చి, పైనుండాల్సిన సారం అడుగుకు పోయింది.

మా వ్యానులో ఒక పెద్దావిడ కోలారు గనుల పక్కన చిత్తూరు పల్లెలో పెరిగారు. ఆ గనులు 2001లో మూతపడ్డా సైనైడ్ దిబ్బలు ఊరి చుట్టూ అలాగే ఉన్నాయి. ఈ రాళ్ళగుట్టలు చూడగానే ఆవిడ పళ్ళెం పక్కనపెట్టి లేచారు. “వీటిమీద మళ్ళీ చెట్టు మొలుస్తుందా, ఆ అబ్బాయిని అడుగమ్మా” అన్నారు నాతో. నేను గైడును అడిగాను. అతను మెరిసే కళ్ళతో ఒక గుట్ట చూపించి, అదిగో ఆ సందుల్లో విల్లో మొక్కలు మొలిచాయి చూడండని చెప్పడం మొదలుపెట్టాడు. అంతలో చేతి గడియారం చూసుకున్నాడు. గంట అయిపోయింది. ఆ కుర్రాడికి ఆ నేల గురించి ఎంత తెలుసో ఆ ఒక్క నిమిషంలోనే అర్థమైంది. అతని నోరు మీరు కట్టేశారు. ఆవిడకు జవాబు సగమే అందింది.

ఆరోది అడవి సంగతి. మీ అట్టమీద పెద్ద అక్షరాలతో ఉన్న మాట అది. డాసన్ నుంచి గంటన్నర ఉత్తరానికి వెళితే డెంప్‌స్టర్ హైవే మీద టూంబ్‌స్టోన్ పర్వతాలున్నాయి. చెట్లు పలచబడిపోయి, నాచు, చిట్టి పొదలు పరుచుకున్న టండ్రా అక్కడ దారి పక్కనే మొదలవుతుంది. వ్యాను దిగి పది అడుగులు వేస్తే పాదం మెత్తగా దిగుతుంది. మీరు అటు తిప్పలేదు. అలాస్కా వైపు టాప్ ఆఫ్ ది వరల్డ్ రోడ్డు మీద కొండల శిఖరాల వెంట పోతున్నప్పుడు కూడా ఆపింది సరిహద్దు దగ్గరే, పాస్‌పోర్టుల కోసం. అడవి చూపిస్తామని డబ్బు కట్టించుకుని కిటికీ చూపించారు.

అయ్యా, మీ తొందర ఎక్కడిదో నేను చాలా ఆలోచించాను. అది ఆ బంగారం వేటదే. 1897 జులైలో బంగారం మోసుకుని ఓడలు శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటెల్ రేవులకు చేరగానే సుమారు లక్షమంది ఇల్లూవాకిలీ వదిలి బయల్దేరారు. డాసన్ చేరినవాళ్ళు అందులో సగం కూడా లేరు. చేరేసరికి మంచి వాగులన్నీ ఎప్పుడో ఇతరుల పేరిట ఉన్నాయి. 1899లో అలాస్కాలోని నోమ్‌లో బంగారం ఉందనగానే వేలమంది అటు పరుగెత్తారు. వచ్చారు, దొరికింది పట్టుకున్నారు, వెళ్ళిపోయారు. చూసి, ఫొటో పట్టుకుని వెళ్ళిపొమ్మని మీరు మాకు నేర్పుతున్నదీ అదే నడక. అక్కడే ఉండిపోయినవాళ్ళు, నదినీ చేపనూ పాటనూ కనిపెట్టుకున్నవాళ్ళు, ఆనాటి గుంపుకు ఎలా కనబడలేదో మీకూ అలాగే కనబడలేదు. ఆ నేల గురించి తెలుసుకోవాలని ఖండాలు దాటి వచ్చినవాళ్ళకు ఇది తీరని నష్టం.

కనుక మీకు ఈ మార్పులు విన్నవిస్తున్నాను. డాసన్‌లో రెండు రాత్రులు ఉంచండి. మొదటి పొద్దున డానోజా జోకు తీసుకెళ్ళి, ఆ కథ వాళ్ళ నోటనే వినిపించండి. వైట్‌హార్స్‌లో దుకాణం తీసేసి చేపల మెట్లకు గంట కేటాయించండి. వైట్ పాస్ వివరణలో గుర్రాలకు, కార్‌క్రాస్ వివరణలో షా ట్లాకు, కీష్‌కు చోటివ్వండి. ఒక పగలు టూంబ్‌స్టోన్‌కు వదలండి. అన్నిటికంటే ముఖ్యం, గైడుకు రోజుకో గంట ఖాళీగా ఇవ్వండి. ప్రయాణికులు అడిగింది పూర్తిగా చెప్పే గంట అది. ఇందుకు ఒకటి రెండు రోజుల ఖర్చు పెరుగుతుందంటే ఆ డబ్బు ఇవ్వడానికి మాలాంటివాళ్ళు సిద్ధం.

వచ్చే ఆగస్టులో మా అన్నయ్యావాళ్ళు అటు రావాలనుకుంటున్నారు. ఈ మార్పులు మీలో కనబడితే మిమ్మల్నే నమ్ముకుని రమ్మంటాను. కనబడకపోతే ఈ ఉత్తరమే వాళ్ళ చేతికిచ్చి, మీ అవసరం లేకుండా, ఎక్కడ ఎంతసేపు ఆగాలో వాళ్ళనే నిర్ణయించుకోమంటాను.

ఇట్లు,
మీరు చెప్పిన వేళ ఒక్కటీ తప్పని
ఒక ప్రయాణికురాలు