అలకడమే పండగ

మా ఆఫీసులో పక్క సీటు కుర్రాడు టెర్మినల్ తెరిస్తే రథోత్సవమే. ప్రాంప్ట్ నిండా రంగుల పట్టీలు, గిట్ బ్రాంచ్ పేరు, బ్యాటరీ శాతం, గడియారం. స్క్రీన్ మూల ఎలాగూ ఇంకో గడియారం ఉంటుంది, అది వేరే సంగతి. ఇన్ని ఉన్నాక కమాండ్ కొట్టడానికి చోటుండదు కాబట్టి దాన్ని రెండో లైనుకు దింపాడు. "ఎందుకురా ఇదంతా?" అంటే "ప్రొడక్టివిటీ అన్నా" అంటాడు.

నా పేచీ ఆ ఒక్క మాటతోనే. వాకిట్లో ముగ్గు వేసే ఆవిడ దానివల్ల పప్పు తొందరగా ఉడుకుతుందని ఏనాడైనా అన్నదా?

నియోవిమ్ అనే ఎడిటర్ కాన్ఫిగ్‌ను లువా భాషలోకి తిరగరాయడానికి వాడు మూడు వారాంతాలు పెట్టాడు. తక్కువలో తక్కువ 60 గంటలు. దీంతో రోజుకు 4 నిమిషాలు మిగులుతాయని లెక్క చెప్పిందీ వాడే. అంటే 900 పనిదినాలు, దాదాపు మూడున్నరేళ్లు ఆ ఫైలు జోలికి పోకుండా ఉంటే అసలు గిట్టుబాటవుతుంది. మంగళవారానికే ఏదో ప్లగిన్ అప్‌డేట్ అయి రంగులన్నీ పోయాయి. వాడి మొహంలో మాత్రం ఎంత వెలుగో! ఇల్లు అలకగానే పండగ కాదన్నారు పెద్దలు. వీడికి అలకడమే పండగ.

పైగా దీనికో శాస్త్రం. కర్సర్‌ను హెచ్, జె, కె, ఎల్‌లతోనే నడపాలట. 1976లో బర్క్లీలో బిల్ జాయ్ ఈ ఎడిటర్‌కు మూలమైన వీఐ రాసేటప్పుడు ఆయన ముందున్న ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు విడిగా యారో కీలే లేవు. బాణాలు ఆ నాలుగు అక్షరాల మీదే అచ్చేసి ఉండేవి. ఉన్నదాంతో సర్దుకున్నాడాయన. మనవాళ్లేమో నాలుగు యారో కీలున్న కీబోర్డు కొనుక్కుని, ముట్టుకుంటే మైల అన్నట్టు వాటిని కాన్ఫిగ్‌లో చంపేస్తారు.

ఈ కాన్ఫిగ్‌లు దాగే డాట్‌ఫైల్స్, అంటే పేరు చుక్కతో మొదలయ్యే ఫైళ్ల కథా అంతే. తొలి యూనిక్స్‌లో ఫైళ్ల జాబితా చూపించే ఎల్ఎస్ కమాండ్ ఒంటి చుక్క, జంట చుక్కల ఎంట్రీలను చూపించకూడదనుకున్నారు. అడ్డదారిలో, మొదటి అక్షరం చుక్కయితే చాలు వదిలేయమని రాసేశారు. తర్వాత ఆ బృందంలో చేరిన రాబ్ పైక్ చెప్పిన సంగతి ఇది. అలా పొరపాటున పుట్టిన చీకటి కొట్టులో ఇప్పుడు అద్దాల మేడలు లేస్తున్నాయి. దాగి ఉండాల్సిన ఆ ఫైళ్లనే గిట్‌లో పెట్టి ఊరందరికీ చూపిస్తున్నారు.

వీఐలో రాయడం ఆపి ఆదేశం ఇవ్వాలంటే ఎస్కేప్ కొట్టాలి. ఆ పాత ఏడీఎం-3ఏలో ఎస్కేప్ కీ ఇవాళ ట్యాబ్ ఉన్నచోట ఉండేది. తర్వాత పై మూలకు పోయింది. అంత దూరం చిటికెనవేలు చాచలేక మావాడు జె, కె వెంటవెంటనే కొడితే ఎస్కేప్ అయ్యేట్టు మార్చుకున్నాడు. బాగానే ఉంటుంది, నేనూ కొన్నాళ్లు వాడాను.

మొన్న రాత్రి రెండింటికి సైటు పడిపోయింది. మావాడు సర్వర్‌లోకి వెళ్తే థీమ్ లేదు, ప్లగిన్ లేదు, ఉత్త వీఐ. అత్తారింట్లో మంచినీళ్ల బిందె ఎక్కడుందో తెలియని కొత్తల్లుడిలా నిలబడ్డాడు. సైటును నడిపే ఎంజినెక్స్ కాన్ఫిగ్‌లో ఒక్క లైను మార్చి, అలవాటుగా జె, కె కొట్టి, సేవ్ చేసి బయటపడే కోలన్ డబ్ల్యూ క్యూ కొట్టాడు. అన్నీ అక్షరాలై ఫైల్లో కూర్చున్నాయి. నాలుక కరుచుకుని అసలు ఎస్కేప్ వెతికి, చివరివి చెరిపి, జెకెను మరిచిపోయి సేవ్ చేశాడు. ఎంజినెక్స్‌కు జెకె అనే ఆదేశం తెలియదు కదా, లేవనని మొరాయించింది. నల్ల తెర, తెల్ల అక్షరాలు తప్ప ఏమీ ఎరగని మా సీనియర్ నిద్ర లేచి వచ్చేదాకా ముప్పావుగంట సైటు లేదు.

పొద్దున కాఫీ దగ్గర దొరికాడు. "ఇప్పటికైనా తెలిసిందా?" అన్నాను.

"తెలిసిందన్నా. ఈ శనివారం కూర్చుని స్క్రిప్టు రాసేస్తా. ఇకమీదట ఏ సర్వర్‌లో అడుగుపెట్టినా నాకంటే ముందు నా కాన్ఫిగ్ దిగాలి."