చలిపతి

సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు కాబట్టి విశాఖపట్నంలో చలి ఎంత ముదిరినా, డిసెంబరు, జనవరి రాత్రుల్లో 18 డిగ్రీలకు అటూ ఇటూగా ఆగిపోతుంది. ఢిల్లీ నుంచి వచ్చినవాడు ఆ పూట కూడా ఏసీ రిమోటు ఎక్కడుందని అడుగుతాడు. మా చలిపతి మాత్రం థర్మల్ బనీను, దాని మీద ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, దాని మీద హుడీ, మెడకి మఫ్లరు, చేతులకి బైకు గ్లౌజులు తగిలించుకుని ఎనిమిదీ నలభై క్లాసుకి వస్తాడు. వస్తూ వస్తూ కారిడార్లో నోరు గుండ్రంగా చేసి గాలి ఊదుతాడు, ఆవిరి కనపడుతుందేమోనని. కనపడదు. మళ్ళీ ఊదుతాడు. రెండో పీరియడయ్యేసరికి చెమటలు పట్టి, ఒక్కొక్క పొరా విప్పి పక్కవాడి బ్యాగులో కుక్కుతాడు. మధ్యాహ్నం క్యాంటీన్లో ఫ్యాను కింద చోటు వెతుక్కుని, చల్లటి బాదంపాలు తాగుతూ, ‘ఈ ఏడు చలి బాగుంది మావా’ అంటాడు.

అసలు పేరు అటెండెన్సు రిజిస్టర్లో ఉంది గానీ హాస్టల్లో చెల్లేది చలిపతే. ఏ బ్యాచిలోనైనా ఒకడుంటాడు. వెళ్ళిపోయేవాడు వచ్చేవాడికి మఫ్లరు అప్పజెప్పి పోతాడేమోనని నా అనుమానం. నేను చెప్పేది థర్మోడైనమిక్స్ కాబట్టి వాడికి నా దగ్గర కాస్త చనువెక్కువ. వేడి గురించి ఎప్పుడూ ఏమీ అడగడు. సిలబస్‌లో చలి అనే చాప్టరు ఎందుకు లేదన్నదే వాడి బాధ.

వాడి సంవత్సరం దీపావళి మర్నాడు మొదలవుతుంది. నా సబ్జెక్టు కోసం కొన్న లాంగ్ నోట్‌బుక్కులో స్కేలు పెట్టి గళ్ళు గీస్తాడు. నా పాఠానికి ఆ పుస్తకంలో దక్కిన సేవ అదొక్కటే. గళ్ళ పైన లంబసింగి, చింతపల్లి, మినుములూరు, అరకు అని కొండ ఊళ్ళ పేర్లు రాస్తాడు. చింతపల్లిలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, మినుములూరులో కాఫీ బోర్డు ఉంది. అక్కడ తీసుకున్న కనిష్ఠ ఉష్ణోగ్రతలు పొద్దున్నే పేపర్లో వస్తాయి. మిగతా కుర్రాళ్ళు మ్యాచ్ స్కోరు చూసుకునే వేళకి వీడు మినుములూరు స్కోరు చూసుకుంటాడు. నిన్న తొమ్మిదుండి ఇవాళ ఏడుకి పడితే, వీడే ఓవర్‌నైట్ బ్యాటింగ్ చేసినంత అలిసిపోయి, గెలిచిన మొహంతో క్లాసుకొస్తాడు.

ఈ ఆటలో వాడికి ప్రత్యర్థి ఒకడున్నాడు, ఆదిలాబాద్ కుర్రాడు. సిర్పూర్ (యు), అర్లి (టి) అంటూ ఆ పక్క స్కోర్లు వాడు తెస్తాడు. ఓ రోజు ల్యాబ్‌లో బాయిలర్ మోడల్‌కి చెరో పక్కనా నిలబడి ఇద్దరూ వాదించుకుంటున్నారు. “మీరు గుట్టెక్కితె గని చలి దొర్కది. మాకైతె ఇంట్ల కూసున్నా వస్తది” అన్నాడు ఆదిలాబాద్‌వాడు. చలిపతి మొహం మాడిపోయింది. నిజానికి అది సిసలైన పాయింటు. సముద్రానికి దూరంగా, ఉత్తరాది గాలికి ఎదురుగా ఉన్న ఊళ్ళకి ఎత్తుతో పనిలేదు. మా ఊరికి సముద్రమే పెద్ద దుప్పటి. రాత్రంతా కప్పే ఉంచుతుంది.

తీరప్రాంతంలో శీతల గాలులని వాతావరణ శాఖ ప్రకటించాలంటే కనిష్ఠం 15 డిగ్రీలకు దిగాలి, అదీ మామూలుకంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు తగ్గాలి. ఈ నిబంధన చలిపతికి కంఠతా వచ్చు. ఆ ప్రకటన వచ్చిన రోజు కాలేజీకి సెలవిస్తారన్నది నిబంధనకు వాడు సొంతంగా చేర్చుకున్న రెండో భాగం. వాడి పగ అంతా అల్పపీడనం మీద. డిసెంబరులో కాస్త ఆకాశం తేటపడి, రాత్రి రెండు డిగ్రీలు తగ్గిందో లేదో, బంగాళాఖాతంలో ఎక్కడో అల్పపీడనం పుడుతుంది. మబ్బు కమ్ముతుంది. నేల వదిలే వేడిని మబ్బు పైకి పోనివ్వదు. కనిష్ఠం మళ్ళీ ఇరవై దాటుతుంది. ఆ వారమంతా చలిపతి మెస్సులో సరిగ్గా తినడు. ఊరంతా తుపాను ఎక్కడ తీరం దాటుతుందో అని బెంగపడుతుంటే, వీడు మబ్బు ఎప్పుడు విడుస్తుందో అని బెంగపడతాడు. స్వార్థమే, కానీ అందులో కపటం లేదు.

విశాఖలోనూ చలి ఉందనడానికి వాడి దగ్గర ఒక సాక్ష్యం ఉంది. కిటికీలో కొబ్బరినూనె సీసా. పొద్దున్నే లేచి, గడ్డకట్టిన నూనెని ఫోటో తీసి స్టేటస్ పెడతాడు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుందనీ, ఆ లెక్కన ఇదేమీ హిమపాతం కాదనీ చెప్పి చూశాను. “గడ్డకట్టిందా లేదా సార్?” అన్నాడు. కట్టింది.

చలికాలంలో వాడి తక్కిన సరదాలు త్వరగా పుట్టి త్వరగా పోతాయి. రాత్రి లైట్లు కట్టుకుని షటిల్ ఆడతారు. సముద్రపు గాలికి కాక్ పక్క హాస్టల్లో పడుతుంది, ఆట అక్కడితో సరి. తెల్లవారుజామున నడిచేవాళ్ళ కోసం బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేస్తారు కాబట్టి పరుగుకని బయల్దేరతాడు. ఇడ్లీ బండి మాత్రం ఆపరు కాబట్టి పరుగు అక్కడ ఆగుతుంది. డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు రాలతాయని ఫ్లోరు మొత్తాన్ని డాబా ఎక్కించాడు. చాలా ఉల్కాపాతాలకు తోకచుక్కలు ముడిసరుకు అందిస్తే, దీనికి మాత్రం 1983లో కనిపెట్టిన ఫేథాన్ అనే గ్రహశకలం అందిస్తుంది. ఈ సంగతి నాకు చెప్పింది చలిపతే. ఎంట్రోపీ అంటే ఏమిటో మాత్రం సెమిస్టరు చివరిదాకా చెప్పలేకపోయాడు. ఆ రాత్రి వాళ్ళు లెక్కపెట్టిన ఉల్కల్లో కొన్ని ఎయిర్‌పోర్టులో దిగాయని తర్వాత తెలిసింది.

వాడికి నా సబ్జెక్టు నిజంగా ఉపయోగపడిన సందర్భం ఒక్కటి, హీటర్ రాడ్డు. హాస్టల్లో రాడ్డు నిషిద్ధం. దొరికితే వార్డెన్ జప్తు చేస్తారు. వార్డెన్ గదిలో మంచం కింద ఉన్న రాడ్లతో ఒక సామానుల కొట్టు తెరవొచ్చు. అయినా నవంబరు రాగానే ప్రతి గదిలోకీ ఒకటి చేరుతుంది, క్రికెట్ బ్యాటు కవర్లో, గొడుగు మడతలో, ఒకసారైతే దేవుడి పటం వెనకాల. చలిపతి గోడ మీద పెన్సిలుతో లెక్క వేసి ఉంచాడు. బకెట్టు 15 లీటర్లు, రాడ్డు 1500 వాట్లు, 20 డిగ్రీల నీళ్ళు 40కి రావాలంటే 14 నిమిషాలు. లెక్క తప్పులేదు, మార్కులు వెయ్యొచ్చు. తప్పంతా ఫ్లోరు మీద ఆరుగురు ఏడున్నరకే ఒకేసారి ఆ 14 నిమిషాలు మొదలుపెట్టడంలో ఉంది. ఆరు రాడ్లంటే తొమ్మిది కిలోవాట్లు, దాదాపు 39 ఆంపియర్లు. ఫ్లోరుకున్న ఎంసీబీ 32. కాసేపటికి టప్‌మని పడిపోతుంది. చీకట్లో, సబ్బు మొహాలతో ఆరుగురూ కారిడార్లోకి వచ్చి, ‘ఎవడ్రా ఆరోవాడు?’ అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు. ఎవడికి వాడు అయిదోవాడే.

ఆ కారిడార్లో వెనక నిలబడి నవ్వేవాడు చలిపతి రూమ్మేటు. చింతపల్లి వైపు కొండమీద ఊరు వాడిది. వాడి అడ్రసు తెలిసిన రోజు చలిపతికి కాళ్ళు నేల మీద ఆగలేదట. లంబసింగి చలిని పుట్టినప్పటినుంచీ అనుభవించినవాడు పక్క మంచం మీద పడుకుంటున్నాడు! అక్కడ పొద్దున్నే ఎలా ఉంటుందిరా, గడ్డి మీద ఏం కనపడుతుందిరా అని వాణ్ణి నిద్రపోనిచ్చేవాడు కాదు. “ఏటుంటాది? సలుంటాది” అని గోడవైపు తిరిగి పడుకునేవాడు రూమ్మేటు. కొండవాడు కదా, చన్నీళ్ళతో స్నానం చేస్తాడనుకున్నాడు చలిపతి. పొద్దున్న రాడ్డు మొదట అడిగేది వాడే. “పద్దెనిమిదేళ్ళు సన్నీళ్ళు పోసుకున్నాన్రా. ఇంక సాలు.”

డిసెంబరులో ఒక శనివారం రాత్రి అందరూ బైకుల మీద లంబసింగి బయల్దేరారు. ఈ యాత్ర చెయ్యకుండా విశాఖలో ఇంజనీరింగు పాసవడం కుదరదేమో అనిపిస్తుంది నాకు. అర్ధరాత్రి దాటాక కదలాలి, నర్సీపట్నంలో టీ తాగాలి, ఘాట్ రోడ్డులో ముందువాడి వెనక లైటు చూసుకుంటూ ఎక్కాలి. చలి పట్టుకునేది అక్కడే. బయల్దేరేముందు చలిపతి నా దగ్గరకొచ్చి, నా ఉద్యోగ జీవితంలో నేను కలగన్న ప్రశ్న అడిగాడు. “సార్, లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. కిలోమీటరుకి ఆరారున్నర డిగ్రీలు తగ్గుతాయని మీరే చెప్పారు. ఇక్కడ 18 ఉంటే అక్కడ 12 ఉండాలి కదా. మరి ఒక్కోసారి నాలుగూ అయిదూ ఎందుకొస్తాయి?”

నాకు కళ్ళు చెమర్చినంత పనయింది. కుర్చీ లాగి కూచోబెట్టాను. మబ్బులేని రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశానికి వదిలేస్తుంది. నేలకి తగిలిన గాలి చల్లబడి బరువెక్కుతుంది. ఆ బరువుగాలి కొండవాలు వెంబడి జారి కిందికి వచ్చి, పల్లపు నేలల్లో మడుగు కడుతుంది. అందుకే ఒక్కోసారి కొండకొమ్ము కంటే లోయే ఎక్కువ చలి. వనజంగి కొండ మీద నిలబడితే కింద మేఘాల సముద్రం కనపడేది కూడా ఆ లోయల్లో చల్లబడ్డ గాలిలోని తేమ వల్లే. బొమ్మ వేసి చెప్పాను. వాడు తల పంకిస్తూ విన్నాడు, బొమ్మని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. తీసుకుని, “అయితే సార్, టెంటు లోయలో వెయ్యమంటారు, అంతేనా?” అన్నాడు.

తెల్లవారేసరికి లంబసింగిలో ఊరి జనానికి పదింతల మంది పర్యాటకులు, దారి పొడుగునా కార్లు. పొగమంచులోకి చూస్తే ముందున్న జీపు పొగ ఏదో, మంచు ఏదో తెలియలేదన్నారు. చలిమంట దగ్గర జాగాకి డబ్బులు, మ్యాగీకి డబ్బులు, బొంగు చికెన్‌కి ఇంకా ఎక్కువ డబ్బులు. దిగేదారిలో పూలు కనపడితే చేలోకి దిగి ఫోటోలు దిగబోయారు. రైతొచ్చి దానికీ డబ్బులడిగాడు. అడిగితే అడిగాడు గానీ, పంట తొక్కేవాడి దగ్గర పుచ్చుకోవడం న్యాయమే. తిరిగొచ్చి సోమవారం నా క్లాసులో ముగ్గురు తుమ్ముతూ, ఇద్దరు నిద్రపోతూ కనిపించారు. చలిపతి మాత్రం దిగులుగా ఉన్నాడు. “అంతమంది మధ్య చలెక్కడ సార్! ఒకళ్ళనొకళ్ళు ఆనుకునే నిలబడ్డాం” అన్నాడు. నోట్‌బుక్కులో ఆ తేదీ గడి ఖాళీగా వదిలేశాడు. వేసుకోదగిన అంకె కాదట.

అందుకే సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళనన్నాడు. కాకినాడ నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేసి, “పండక్కి ఇంటికి రాకుండా చలికోసం కొండెక్కుతావేంట్రా? ఇక్కడే ఫ్యాను ఫుల్లు పెట్టుకుని కూర్చో, అదే చలి” అంది. వినలేదు. రూమ్మేటు వెంట వాళ్ళూరు పోయాడు. తర్వాతి కథ నాకు రూమ్మేటు చెప్పిందే.

మొదటిరోజు నాలుగున్నరకే లేచాడట. ఉన్న పొరలన్నీ వేసుకుని వాకిట్లోకొచ్చి నోరు గుండ్రంగా చేసి ఊదాడు. ఆవిరి వచ్చింది! మూడేళ్ళుగా కాలేజీ కారిడార్లో రానిది, గుప్పుమని తెల్లగా వచ్చింది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ వచ్చింది. ఆకాశంలోకి ఊదుతూ, ఊదింది ఫోటో తీసుకుంటూ వాకిలంతా తిరిగాడు. నీళ్ళబిందె దించుకుంటున్న రూమ్మేటు తల్లి కాసేపు చూసి, కొడుకుని పక్కకి పిలిచి, “బాబుకి గాలేటైనా సోకిందేట్రా?” అని అడిగింది.

అది కాఫీపళ్ళ కాలం. కొండల్లో నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా, సిల్వర్ ఓక్ చెట్ల నీడన ఉన్న కాఫీ మొక్కల మీద ఎర్రగా పండిన కాయల్ని ఏరి ఏరి చేత్తో కోస్తారు. ఇంట్లో వాళ్ళంతా తోటకి పోతుంటే తనూ వస్తానన్నాడు. గ్లౌజులతో కాయ తెగలేదు, విప్పాడు. మఫ్లరు కొమ్మకి పట్టుకుంది, తీసేశాడు. ఆకుల మీది మంచుకి హుడీ నానిపోయింది. రూమ్మేటు తండ్రి తువ్వాలు భుజాన వేసుకుని, పొట్టి చేతుల చొక్కాతో, చలిపతి ఒక మొక్క కోసేలోగా నాలుగు మొక్కలు కోసుకుంటూ పోయాడు. సాయంత్రానికి కాకినాడ బాబుకి పళ్ళు పటపటమని కొట్టుకున్నాయి. రెండోరోజు లేవలేదు. ఆ ఇంటి ముసలామె పొయ్యి పక్కన పక్క వేయించి, మిరియాల కషాయం తాగించి, “సలికోసమని వొచ్చినాడంట!” అని వచ్చినవాళ్ళందరికీ చూపించింది. ఊరు ఊరంతా వచ్చి చూసి వెళ్ళారట. మూడోరోజు బస్సెక్కించారు.

సెలవులయ్యాక పరామర్శకని హాస్టలుకి వెళ్ళాను. కిటికీలు మూసి, రెండు రగ్గులు కప్పుకుని పడుకున్నాడు. నోట్లో థర్మామీటరు ఉంది. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. థర్మామీటరు తీసి చూసుకుని, తలగడ కిందనుంచి ఆ నోట్‌బుక్కు లాగాడు. రూమ్మేటు ఊరికోసం కొత్తగా ఒక గడి కలిపి ఉంది. అందులో మొదటిరోజు దగ్గర 6 అని రాసి, చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టాడు. ఇప్పుడు ఆ పక్కనే ‘గరిష్ఠం’ అని గీత గీసి, 102 అని వేశాడు.

“అది ఫారెన్‌హీట్‌రా, ఇది సెల్సియస్. రెండూ ఒకే వరసలో వెయ్యకూడదు” అన్నాను, అలవాటు కొద్దీ.

“మారుస్తాను సార్” అని, కాసేపు ఆలోచించి, “రాడ్డు వార్డెన్ గారి దగ్గరుంది. మీరొక్క మాట చెబితే ఇచ్చేస్తారు” అన్నాడు.