కంటిపాప ఆత్మకథ

నేను కంటిపాపను. నల్లగుడ్డు నడుమ ఉన్న చిన్న రంధ్రాన్ని. మీరు చూసే వెలుగంతా నాలోంచే లోపలికి పోవాలి. మండుటెండలో 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటాను. చీకట్లో 8 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటాను. నన్ను కాపాడడానికి రెప్ప ఉంది. దుమ్ము రేగితే మీరు తలచుకునేలోపే అది వాలిపోతుంది.

రంధ్రాన్ని పాప అనడమేమిటని అడుగుతారేమో. ఎదుటివాళ్ళ కంట్లోకి దగ్గరగా చూడండి. నా ముందున్న పారదర్శకమైన పొర మీద మీ బొమ్మే, గోరంత మనిషి రూపంలో కనిపిస్తుంది. ఆ బొమ్మను చూసే నాకు పేరు పెట్టారు. లాటిన్‌వాళ్ళు ప్యూపిల్లా అన్నారు, అంటే చిట్టిబొమ్మ. గ్రీకులో నా పేరు కోరే, అంటే ఆడపిల్ల. సంస్కృతంలో కనీనికను. ఆ మాటలోనూ ఆడపిల్లే ఉంది.

ఇంగ్లండులో మాత్రం వేరే పేరు పడింది. నేను గుండ్రని గట్టి ఉండనని అక్కడి పూర్వులు నమ్మారు. అందుకే నన్ను ‘యాపిల్’ అన్నారు. 9వ శతాబ్దంలో ఆల్‌ఫ్రెడ్ రాజు రాతల్లోనే ఆ పేరుంది. షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లో మంత్రపు పూలరసం దిగాల్సిన ‘యాపిల్ ఆఫ్ ది ఐ’ కూడా నేనే. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్లో, ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయంలో, దేవుడు తన ప్రజను ఆ ‘యాపిల్’లా కాపాడాడని ఉంది. మూలమైన హీబ్రూలో అక్కడున్న మాట ‘ఈషోన్’. చిన్న మనిషి అని దానికి అర్థం చెబుతారు. తెలుగు బైబిల్ అదే చోట నన్ను కనుపాప అంది. హీబ్రూలోని చిన్న మనిషి ఇంగ్లీషులో పండయ్యాడు, తెలుగులో మళ్ళీ పాపయ్యాడు.

కంటికి దెబ్బ తగిలితే చూపే పోతుంది. అందుకే ప్రాణంలా చూసుకునే బిడ్డకు నా పేరు అంటుకుంది. ఇంగ్లీషు తండ్రి కూతుర్ని ‘యాపిల్ ఆఫ్ మై ఐ’ అన్నా, తెలుగు తల్లి కొడుకుని ‘నా కంటిపాప’ అన్నా, పిలిచేది నా పేరుతోనే.

ఎదుటి కంట్లో మీ బొమ్మ కనబడాలంటే మొహంలో మొహం పెట్టి చూడాలి. బిడ్డను ఒళ్ళోకి తీసుకున్న తల్లికి అది రోజూ కనిపిస్తుంది. ముద్దుకు నా పేరు ఇంత చక్కగా అతికింది అందుకేనని నా నమ్మకం.

ఇకపై ఇంగ్లీషు పుస్తకంలో ‘యాపిల్ ఆఫ్ ది ఐ’ అన్న మాట ఎదురైతే పండు కోసం వెతకకండి. తెలుగు చేయాల్సివస్తే ‘కంటిపాప’ అని రాయండి. అక్కడున్నది నేనే.